మలిదశ చిత్రాలు: వయోధిక దర్శకులను చదివే పద్ధతి

ప్రస్తావన

తెలంగాణ వ్యవహారంలో ‘మలిదశ’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం స్థిరపడింది. 1969 నాటి ప్రత్యేక రాష్ట్రోద్యమాన్ని తొలిదశ అనీ, 2001 మే 17న కరీంనగర్‌లో జరిగిన సింహగర్జన సభతో ఊపందుకొన్న ఉద్యమాన్ని మలిదశ అనీ వ్యవహరిస్తున్నాం. ఈ ప్రయోగంలో ‘మలి’ శబ్దానికి ముగింపు అనే అర్థం గానీ క్షీణత అనే ధ్వని గానీ లేవు. తొలిదశలో తీరక మిగిలిన పనిని, మారిన కాలంలో, వేరే సాధనాలతో తిరిగి చేపట్టడమే మలిదశ. దీర్ఘకాలం పనిచేసిన చలనచిత్ర దర్శకులు డెబ్బయ్యేళ్ళు దాటిన తరువాత తీసిన సినిమాలను చదవడానికి ఈ మాట ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అటువంటి చిత్రాలను ‘చివరి చిత్రాలు’గా చూసినపుడు కనిపించని అంశాలు ‘మలిదశ చిత్రాలు’గా చూసినపుడు కనిపిస్తాయి.

ఇందుకు ప్రధానంగా శ్యామ్ బెనెగల్, బాపుల చిత్రాలను తీసుకొంటున్నాను. ఇద్దరూ యౌవనంలోనో నడివయసులోనో ఎత్తుకొన్న విషయాన్ని వార్ధక్యంలో మళ్ళీ ఎత్తుకొన్నవారు. తరువాత ఆర్. నారాయణమూర్తి, బి. నర్సింగరావుల వృత్తిజీవితాలను ప్రస్తావిస్తూ ఈ ప్రతిపాదన పరిమితులను పరిశీలిస్తాను.

రెండు అలవాట్లు

వయోధిక దర్శకుని కొత్త చిత్రం వెలువడినపుడు మన విమర్శ రెండు అలవాట్లలో ఏదో ఒకదానిని ఆశ్రయిస్తుంది. మొదటిది శాలువా కప్పే అలవాటు. పూర్వం తీసిన గొప్ప చిత్రాల పేర్లను వరుసగా స్మరించి, ఈ వయసులోనూ పనిచేస్తున్నందుకు అభినందించి, ఎదుట ఉన్న చిత్రాన్ని గురించి మాట్లాడకుండా దాటిపోవడం ఇందులోని లక్షణం. రెండవది లెక్క చూసే అలవాటు. వసూళ్ళు రాలేదు కనుక దర్శకునికి కాలం చెల్లిందనడం, కాలం మారినా ఆయన మారలేదనడం ఇందులో వినిపించే మాటలు.

పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా ఈ రెండు అలవాట్ల ఫలితం ఒకటే. రెండింటిలోనూ చిత్రం చదవబడదు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ (1980) గురించి విస్తారంగా చర్చ జరిగింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ‘స్వరాభిషేకం’ (2004) గురించి గానీ, ఎనభయ్యేళ్ళ వయసులో ఆయన తీసిన ‘శుభప్రదం’ (2010) గురించి గానీ ఆ స్థాయిలో చర్చ జరగలేదు. ‘శంకరాభరణం’లో సంగీతానికి ఎదురైన ఆపద బయటినుంచి వస్తుంది. శ్రోతల అభిరుచి మారిపోవడం అక్కడి సమస్య. ‘స్వరాభిషేకం’లో ఆపద ఇంటిలోనే పుడుతుంది. అన్నదమ్ములైన సంగీతకారుల నడుమ గుర్తింపు తెచ్చే పొరపొచ్చాలు అక్కడి సమస్య. కళను లోకంనుంచి కాపాడాలన్న దర్శకుడు కళాకారుని అహంనుంచి కళను కాపాడాలనే చోటికి చేరాడు. పైగా పెద్దన్న పాత్రను విశ్వనాథ్ తానే ధరించారు. ఇది క్షీణతా, ఆత్మపరిశీలనా అనే ప్రశ్న వేయడానికైనా రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. శాలువాకూ లెక్కకూ ఆ ఓపిక లేదు.

సాహిత్యం ఇచ్చే ఆధారం

సాహిత్యవిషయంలో మనం ఇంత తొందరపడము. ఉత్తర తెలంగాణ సాహిత్యచరిత్ర ఇందుకు మంచి ఆధారం. ఆదిలాబాద్ జిల్లా తెలుగుపల్లెలో 1928లో జన్మించిన సామల సదాశివకు ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి ఆయన వయసు ఎనభైమూడేళ్ళు. ‘యాది’ చదివినవారు దానిని వృద్ధుని కాలక్షేపంగా భావించరు. ఉర్దూ, తెలుగు, మరాఠీ భాషలు కలసి బతికిన ఒక లోకం కనుమరుగైన తరువాత, ఆ లోకంలో పెరిగిన మనిషి మాత్రమే రాయగల వచనం అది. ముప్పయ్యేళ్ళ వయసులో సదాశివ ఆ పుస్తకం రాయగలిగేవారు కాదు, ఎందుకంటే అప్పటికి ఆ లోకం ఇంకా గతం కాలేదు. అట్లాగే కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి తన జన్మదినమైన జూలై 29న కొత్త కవితాసంపుటిని వెలువరించే ఆనవాయితీని వార్ధక్యంలోనూ కొనసాగించారు. ఆ సంపుటాలన్నీ ‘విశ్వంభర’ స్థాయివి కాకపోవచ్చు. అయినా వాటిని సినారె కవిత్వంలో భాగంగానే పరిశోధకులు చదువుతున్నారు.

పాశ్చాత్య విమర్శలోనూ ఈ చర్చ ఉంది. బేతోవెన్ మలిదశ సంగీతంపై అడోర్నో 1937లో ప్రచురించిన వ్యాసం, దానిని విస్తరిస్తూ ఎడ్వర్డ్ సయీద్ రాయగా ఆయన మరణానంతరం 2006లో వెలువడిన గ్రంథం ఇందులో ముఖ్యమైనవి. వార్ధక్యం కళాకారునికి పరిపక్వతనూ ప్రశాంతతనూ ఇస్తుందనే సామాన్య భావనను వీరిద్దరూ ప్రశ్నించారు. గొప్ప మలిదశ రచనల్లో రాజీకుదరని వైరుద్ధ్యాలు, తెగని ముడులు ఉంటాయన్నది వారి ప్రతిపాదన. ఇది విలువైన హెచ్చరికే అయినా మన సందర్భానికి పూర్తిగా సరిపోదు. వారి దృష్టి మృత్యువుకు ఎదురుగా నిలిచిన ఏకాకి కళాకారునిపై ఉంది. తెలంగాణ వాడుకలోని మలిదశలో మృత్యువు కన్న ముందు నిలిచేది మిగిలిపోయిన పని. అందువల్ల మనం అడగవలసిన ప్రశ్న వేరు: తొలి చిత్రంలో తెగని ఏ ముడిని దర్శకుడు మలిదశలో మళ్ళీ చేతికి తీసుకొన్నాడు?

నీరు, రాయి, ఫిర్యాదు

శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు సమీపంలోని తిరుమలగిరిలో జన్మించారు. ఆయన తొలి కథాచిత్రం ‘అంకుర్’ (1974), మలిదశలో తీసిన ‘వెల్ డన్ అబ్బా’ (2010) రెండూ తెలంగాణ పల్లెలో జరిగే కథలే, దక్కనీ నుడికారం వినిపించేవే. రెంటి నడుమ ముప్పయ్యారేళ్ళ దూరం. 2023లో విడుదలైన ‘ముజిబ్’ ఆయన చివరి చిత్రం కాగా, 2024 డిసెంబరు 23న తొంభయ్యేళ్ళ వయసులో మరణించారు. కాలక్రమంలో చివరిది ‘ముజిబ్’ అయినప్పటికీ, పైన చెప్పిన అర్థంలో మలిదశ చిత్రం ‘వెల్ డన్ అబ్బా’. తొలి చిత్రానికి జవాబు చెబుతున్నది అదే.

‘అంకుర్’లో భూస్వామి కొడుకు సూర్య ఊరికి వచ్చి పెత్తనం చేతికి తీసుకొంటాడు. తండ్రి ఉంచుకొన్న కౌసల్య పొలానికి నీరు ఆపడం అతని అధికారానికి తొలి గుర్తుల్లో ఒకటి. ఇంట్లో పనిచేసే లక్ష్మితో సంబంధం పెట్టుకొని, ఆమె గర్భవతి అయ్యాక తప్పించుకొంటాడు. మూగవాడైన ఆమె భర్త కిష్టయ్య పని అడగడానికి వస్తే, పగ తీర్చుకోవడానికి వస్తున్నాడని భయపడి కొరడాతో కొడతాడు. అదంతా చూసిన పసివాడు సూర్య ఇంటి కిటికీ అద్దంపై రాయి విసురుతాడు. చిత్రం అక్కడ ముగుస్తుంది. ఈ లోకంలో అధికారానికి ఒక ముఖం ఉంది, ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటికి కిటికీ ఉంది. రాయి ఎటు విసరాలో పసివానికి కూడా తెలుసు.

‘వెల్ డన్ అబ్బా’ కథ చీకట్‌పల్లి అనే గ్రామంలో జరుగుతుంది. ముంబయిలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ కూతురికి సంబంధం చూడడానికి ఊరికి వస్తాడు. తన చెలకలో ప్రభుత్వ పథకం కింద బావి తవ్వించుకోవాలనుకొంటాడు. మంజూరు చేసేవారు మొదలు కొలతలు తీసేవారి వరకు ప్రతి ఒక్కరూ వాటా తీసుకొంటారు. చివరికి కాగితాలలో బావి పూర్తవుతుంది, చెలకలో గుంత కూడా ఉండదు. అప్పుడు తండ్రీకూతుళ్ళు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి తమ బావి పోయిందని ఫిర్యాదు చేస్తారు. ఊళ్ళో మిగిలినవారి బావులూ అట్లాగే పోయినట్లు ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ఈ చిత్రానికి ఆధారమైన కథల్లో హైదరాబాదు ఉర్దూ కథకురాలు జీలానీ బానో రాసిన నర్సయ్య బావి కథ ఒకటి కావడం గమనార్హం. సాంఘిక సమస్యలపై ఉత్తమ చిత్రం విభాగంలో దీనికి జాతీయ పురస్కారం లభించింది.

రెండు చిత్రాలకూ కేంద్రం నీరే. 1974 నాటి చిత్రంలో నీటిని ఆపగలవాడు దొర. 2010 నాటి చిత్రంలో నీటిని ఆపుతున్నది దస్త్రం. దొర నీటిని ఆపినపుడు ఆపినట్లు అందరికీ తెలుస్తుంది. దస్త్రం నీటిని ఇచ్చినట్లు చెబుతూనే ఆపుతుంది. కోపంనుంచి హాస్యానికి జరిగిన మార్పును దర్శకుని వయసుకు ముడిపెట్టి, పెద్దాయన చల్లబడ్డాడనడం తేలిక. కాని కిటికీ అద్దమే లేని అధికారంపై రాయి విసరడం ఎట్లా? లేని బావిని దొంగిలించారని ఫిర్యాదు ఇవ్వడం ఆ అధికారాన్ని దాని భాషలోనే పట్టుకోవడం. కాగితం బావి ఉందంటున్నది కనుక, ఉన్న బావి కనబడకపోతే అది దొంగతనమే. ‘అంకుర్’లోని రాయికి ‘వెల్ డన్ అబ్బా’లోని ఫిర్యాదు వారసురాలు. దొర ఇంటి లోపలిని 1974లో చూపిన దర్శకుడే ఆఫీసు లోపలిని చూపుతున్నాడు గనుక, గడి స్థానంలోకి ఏది వచ్చి కూర్చున్నదో ప్రేక్షకునికి తెలుస్తుంది. ఈ పోలిక ఏ ఒక్క చిత్రంలోనూ లేదు, రెంటి నడుమ ఉంది.

అయితే ఈ చిత్రానికీ శాలువా కప్పి వదలరాదు. హాస్యం ఇచ్చిన సౌలభ్యాన్ని బెనెగల్ ముగింపులో మితిమీరి వాడుకొన్నారు. ఊరు కదిలితే ప్రభుత్వం దిగివస్తుందనే నమ్మకం చిత్రానికి ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో నీరు పడని బోర్ల మీద పెట్టిన అప్పులు, పత్తిరైతుల ఆత్మహత్యలు అప్పటికే కళ్ళెదుట ఉన్నాయి. బావి పోవడం ఇక్కడ నవ్వుతో తీరే నష్టం కాదు. అర్మాన్ అలీకి ముంబయిలో ఉద్యోగం ఉంది, ఊరు వదిలి వెళ్ళే దారి ఉంది. ఆ దారి లేని రైతు ఈ కథకు నాయకుడై ఉంటే హాస్యం నిలిచేది కాదు. తొలి చిత్రంలో లక్ష్మికి ఊరు తప్ప దిక్కులేదు. ఆ నిర్బంధంనుంచే ‘అంకుర్’ తీవ్రత పుట్టింది. మలిదశలో దర్శకుడు వ్యవస్థను మరింత స్పష్టంగా చూశాడు, ఆ వ్యవస్థ కింద నలిగే మనిషికి కొంత దూరమయ్యాడు. లాభనష్టాలు రెండూ కలిపి చెప్పినపుడే అది విమర్శ అవుతుంది.

ఒకే కథ, రెండు ముగింపులు

బెనెగల్ ఒకే నేలకు తిరిగివస్తే, బాపు ఒకే కథకు తిరిగివచ్చారు. ‘ముత్యాల ముగ్గు’ (1975) ఉత్తర రామాయణానికి సాంఘిక రూపమన్నది అందరికీ తెలిసినదే. ‘శ్రీరామరాజ్యం’ (2011) ఆ కథకే పౌరాణిక రూపం. రెంటికీ రచన ముళ్ళపూడి వెంకటరమణది. రెండవ చిత్రం విడుదల కాకముందే 2011 ఫిబ్రవరిలో రమణ కన్నుమూశారు. నవంబరులో చిత్రం విడుదలయ్యేనాటికి బాపు వయసు డెబ్బయ్యేడేళ్ళు.

‘శ్రీరామరాజ్యం’ 1963 నాటి ‘లవకుశ’కు పునర్నిర్మాణమనే కోణంలోనే ఎక్కువగా చర్చకు వచ్చింది. నటీనటుల పోలికల దగ్గర ఆ చర్చ ఆగిపోయింది. ‘ముత్యాల ముగ్గు’ పక్కన పెట్టి చూస్తే వేరే విషయం బయటపడుతుంది. 1975లో భార్యాభర్తలు విడిపోవడానికి కారణం ఒక కాంట్రాక్టరు కుట్ర. అనుమానించిన భర్త మోసపోయినవాడు మాత్రమే. కుట్ర బయటపడగానే అపరాధం కుట్రదారుమీదికి పోతుంది, పిల్లలు తల్లిదండ్రులను కలుపుతారు. నడివయసు దర్శకుడు ఉత్తర రామాయణంలోని గాయానికి కుట్ర అనే ఊరట వెదకి పెట్టాడు. 2011లో ఆ ఊరట లేదు. ‘శ్రీరామరాజ్యం’లో కాంట్రాక్టరు లేడు. లోకాపవాదు ఉంది, రాజధర్మం ఉంది, వాటికి తలవంచిన భర్త ఉన్నాడు. పిల్లలు తండ్రిని చేరతారు గాని తల్లి భూమిలోకి వెళ్ళిపోతుంది. ఆశ్రమంలో బాలరాజు రూపంలో హనుమంతుడు సీతకు సేవచేసే కల్పన కూడా ఈ సందర్భంలో అర్థవంతమే. రాముడు చేయలేని సేవను బంటు చేస్తున్నాడు. కాని బంటు భక్తి తీర్పును మార్చలేదు.

మూలకథకు కట్టుబడిన పౌరాణికంలో ముగింపు ముందే నిర్ణయమై ఉంటుందనీ, అది దర్శకుని ఎంపిక కాదనీ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరం సమంజసమైనదే. అయితే సంతోషాంతంగా ఒకసారి మార్చి చెప్పిన కథను, మార్చడానికి వీలులేని రూపంలో మళ్ళీ చెప్పడానికి పూనుకోవడం ఒక ఎంపికే. సంభాషణల చురుకులోనూ దృశ్యాల కూర్పులోనూ ‘ముత్యాల ముగ్గు’ మెరుగైన చిత్రం. వియోగాన్ని తప్పించకుండా చూడడంలో ‘శ్రీరామరాజ్యం’ ముందడుగు.

మారని రూపం

ఈ పద్ధతికి లొంగని దర్శకుడు ఆర్. నారాయణమూర్తి. తూర్పు గోదావరి జిల్లానుంచి వచ్చిన ఆయన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986) మొదలు ‘రైతన్న’ (2021) వరకు స్వీయ నిర్మాణంలో, తానే ప్రధానపాత్ర ధరిస్తూ చిత్రాలు తీశారు. ‘ఎర్రసైన్యం’ (1994) వంటి చిత్రాలకు ఉత్తర తెలంగాణ పల్లెలు, బొగ్గుగని పట్టణాలు సహజ ప్రేక్షకస్థానాలు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన గూడ అంజయ్య వంటి ప్రజాకవుల పాటకు వెండితెరమీద చోటు దొరికింది ఇటువంటి చిత్రాల్లోనే. డెబ్బయ్యేళ్ళకు చేరువైన వయసులోనూ పెద్ద తారలను, పెద్ద పెట్టుబడులను ఆశ్రయించకపోవడం ఆయన నిష్ఠకు నిదర్శనం.

అయితే నిష్ఠ వేరు, పునర్విచారణ వేరు. చిత్రం చిత్రానికీ సమస్య మారుతున్నది, రూపం మారడం లేదు. దోపిడీదారుని ప్రసంగం, బాధితుల పాట, నాయకుని హెచ్చరిక, ఊరేగింపు అనే క్రమం భూస్వామి కథకూ సరిపోయింది, వ్యవసాయ చట్టాల కథకూ సరిపోయింది. బెనెగల్ గుర్తించిన తేడా, అంటే ముఖమున్న అధికారానికీ ముఖంలేని అధికారానికీ గల తేడా, ఈ రూపంలో పట్టుబడదు. తొలిదశ సాధనాలతోనే కొనసాగిన పనిని మలిదశ అనలేము. అది తొలిదశకు దీర్ఘానువృత్తి. ఈ మాట ఆయన కృషిని తగ్గించడానికి కాదు. వయసు మీరినంత మాత్రాన మలిదశ సిద్ధించదని చూపడానికి.

తీయని చిత్రాలు

చివరి ఉదాహరణ మరింత ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తుంది. 1946లో జన్మించిన బి. నర్సింగరావు ‘రంగుల కల’ (1983), ‘దాసి’ (1988), ‘మట్టి మనుషులు’ (1990) చిత్రాలతో తెలంగాణ జీవితానికి తెరమీద ఒక భాషను నిర్మించారు. ‘దాసి’కి ఐదు జాతీయ పురస్కారాలు లభించాయి. వాటిలో కళాదర్శకత్వ పురస్కారం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన చిత్రకారుడు తోట వైకుంఠానిది. ‘మట్టి మనుషులు’ తరువాత ఆయన ‘హరివిల్లు’ 2003లో వచ్చింది. నడుమ పదమూడేళ్ళు. ఎదిగిన ప్రతిభకు ఇంత పొడవైన విరామం ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు జవాబును ఒక వ్యక్తి స్వభావంలో వెదకడం సరికాదు.

వైకుంఠం 1942లో పుట్టారు. చిన్ననాడు చూసిన తెలంగాణ స్త్రీలను దశాబ్దాలుగా గీస్తూనే ఉన్నారు. చిత్రకారునికి కాగితం, రంగులు, కుదురైన చేయి ఉంటే చాలు. సదాశివకు కలం చాలింది. దర్శకునికి పెట్టుబడి, బృందం, థియేటరు కావాలి, శరీరం సహకరించాలి. 1983లో గుండెజబ్బు పాలైన సత్యజిత్ రాయ్ ‘గణశత్రు’ (1989)ను ప్రధానంగా స్టూడియో లోపలే చిత్రీకరించవలసి వచ్చింది. అక్కడ అనారోగ్యమే చిత్రరూపాన్ని నిర్ణయించింది. సాహిత్యంలోని మలిదశ భావనను సినిమాకు అన్వయించేటపుడు ఈ భౌతిక భేదాన్ని మరువరాదు. సినిమాలో మలిదశ సహజంగా వచ్చే దశ కాదు. ఎవరో అవకాశం కల్పిస్తేనే వచ్చే దశ. బాపుకు, బెనెగల్‌కు ఆ అవకాశం దొరికింది కనుక వారిని చదవగలుగుతున్నాం. ‘దాసి’లో గడి లోపలిని చూపిన కన్ను, గడులు కూలిన తరువాతి తెలంగాణను ఎట్లా చూసి ఉండేదో చెప్పడానికి మన ముందు చాలినన్ని చిత్రాలు లేవు. తీయని చిత్రాలు కూడా చలనచిత్ర చరిత్రలో భాగమే.

ఒక అభ్యంతరం, ముగింపు

ఇంతకూ వృద్ధ దర్శకుల అవసరమేమిటని అడగవచ్చు. సిరిసిల్ల ప్రాంతంనుంచి వచ్చిన వేణు యెల్దండి తన తొలి చిత్రం ‘బలగం’ (2023)లోనే ఈ ప్రాంతపు చావును, పిట్టకు పెట్టే ముద్దను, అలిగిన చుట్టరికాన్ని ఇంతకుముందెవరూ చూపనంత దగ్గరగా చూపారు. ఊరివాడు తీస్తే చాలదా? ఊరివాడు తీయడం తప్పక కావాలి. ‘బలగం’ చూపు లోపలిచూపు. అది నేటి ఊరిని నేడు చూస్తుంది. ఒకే కన్ను ఒకే నేలను ముప్పయ్యారేళ్ళ ఎడంలో రెండుమార్లు చూడడం వేరే జ్ఞానం. దానిని తొలి చిత్రం ఇవ్వలేదు. నేటి యువదర్శకులు కూడా ఏనాడో ఒకనాడు వృద్ధులవుతారు. ‘బలగం’కు మలిదశ జవాబు అప్పుడు రావాలంటే, అటువంటి చిత్రాలను చదివే పద్ధతి ఈనాడే ఏర్పడాలి.

పై పరిశీలననుంచి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, వయోధిక దర్శకుని చిత్రాన్ని ఆయన తొలినాటి సంబంధిత చిత్రంతో జతచేసి చదవాలి. ‘వెల్ డన్ అబ్బా’కు సరైన జోడు ‘అంకుర్’, ‘శ్రీరామరాజ్యం’కు సరైన జోడు ‘ముత్యాల ముగ్గు’. రెండవది, మలిదశలో పొందినదాన్నీ కోల్పోయినదాన్నీ ఒకే వ్యాసంలో లెక్కగట్టాలి. మూడవది, చిత్రం వెనుకనున్న ఆర్థిక, శారీరక పరిస్థితులను రూపచర్చలో భాగం చేయాలి.

తెలుగు శాఖల్లో సినిమాపై జరిగే పరిశోధన ఎక్కువగా పాటల సాహిత్యానికీ, నవలల చిత్రానువర్తనాలకూ పరిమితమవుతున్నది. దర్శకుని సమగ్రకృషిని కవి సమగ్రకృషివలె చదవడం ఇంకా అలవాటు కాలేదు. సదాశివ ఎనభయ్యేళ్ళు దాటిన వయసులో చెప్పినదానిని శ్రద్ధగా విన్న ఈ ప్రాంతపు పాఠకులకు ఆ అలవాటు కష్టం కాదు. వెట్టినీ గడినీ ఎరిగిన తరం వెళ్ళిపోతున్నది. అంతకుముందే ఆ తరం దర్శకుల తొలి చిత్రాలనూ మలి చిత్రాలనూ కలిపి చదివే పని మొదలుకావాలి.